.375 లాంటి గట్టిగా తన్నే రైఫిల్‌కి నిలబడి కాల్చే స్టాండ్ ఊరి వడ్రంగితో చేయించుకోవచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండి. తాతగారి .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ రైఫిల్ వారసత్వంగా మీ పేరు మీదకు వచ్చింది, లైసెన్సు కూడా అయింది. రేంజిలో బల్ల ముందు కూర్చుని కాలిస్తే భుజం కమిలిపోతోంది, రెండు మూడు రౌండ్ల తర్వాత టార్గెట్ మీద దెబ్బలు ఎక్కడెక్కడో పడుతున్నాయి. నిలబడి ఆనించి కాల్చే స్టాండ్ అమలాపురంలోనే వడ్రంగి చేత చేయించుకోవచ్చా, ఎంత ఎత్తు ఉండాలి, ఏ చెక్క వాడాలి, దాన్ని మీ కొబ్బరితోటలో పెట్టుకుని గురి సరిచూసుకోవచ్చా అని.

చేయించుకోవచ్చు, చేయించుకోండి. మీ సమస్యకి అదే సరైన మందు. మామూలు మూడు కాళ్ల బల్ల చేయగలిగిన వడ్రంగి ఎవరైనా చేస్తాడు. ఎత్తు మాత్రం మీ ఒంటి కొలత తీసుకునే పెట్టాలి. కొబ్బరితోటలో మాత్రం వద్దు, లైసెన్సున్న రేంజిలోనే. స్టాండ్ రైఫిల్ బరువును మోయాలి, అది వెనక్కి రావడాన్ని ఆపకూడదు. వడ్రంగికి చెప్పేటప్పుడు కొలతలకంటే ముందు ఈ మాట చెప్పండి. తక్కిన నిర్ణయాలన్నీ దీన్నిబట్టే తీసుకోవాలి.

నేను సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో చేసి రిటైరయ్యాను. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం అంటే ఇంటికో ఫౌజీ ఉన్న ఊరని మీకు తెలిసే ఉంటుంది, మాది ఆ వైపే. తర్వాత కొన్నేళ్లు లైసెన్సున్న తుపాకుల దుకాణంలో రిపేరు పని చూశాను. జమీందారీ కాలం నాటి పెద్ద రైఫిళ్లు, వాటిని వారసత్వంగా పొంది ఎలా కాల్చాలో తెలియక ఇబ్బంది పడేవాళ్లు, ఇద్దరూ అక్కడ బాగా పరిచయం.

కూర్చుంటే ఎందుకు అంత దెబ్బ తగులుతోందో ముందు చూద్దాం. మీ రైఫిల్ తొమ్మిది పౌన్లు ఉందనుకోండి. 300 గ్రెయిన్ల (సుమారు 19 గ్రాముల) బుల్లెట్ వేస్తే వెనక్కి తన్నే శక్తి 38 అడుగు-పౌన్ల దరిదాపుల్లో ఉంటుంది. మధ్యరకం .30-06 రైఫిల్‌కి ఇది 20 దగ్గర, ఇంకా పెద్దదైన .458 విన్చెస్టర్‌కి 60 దాటుతుంది. అంటే మీ భుజానికి తగిలేది .30-06 కంటే దాదాపు రెట్టింపు. బల్ల ముందు కూర్చున్నప్పుడు నడుము కుర్చీకి, మోచేతులు బల్లకి ఆని ఉంటాయి, ఛాతీ ముందుకు వాలి ఉంటుంది. ఒళ్లు వెనక్కి కదలడానికి చోటే ఉండదు. ఆ శక్తి మొత్తం భుజం ఎముక దగ్గరే ఆగిపోతుంది. నిలబడితే భుజం వెళ్తుంది, దాంతో నడుము, ఆ తర్వాత మోకాళ్లు. అదే తన్ను కాస్త ఎక్కువసేపు, ఎక్కువ దూరం సాగి నెమ్మదిస్తుంది. శక్తి తగ్గదు, దెబ్బ తగ్గుతుంది.

రెండో కారణం గురికి సంబంధించింది, నా దృష్టిలో ఇదే ముఖ్యం. బుల్లెట్ బ్యారెల్ దాటి బయటికి వెళ్లేలోపే రైఫిల్ వెనక్కి కదలడం మొదలుపెడుతుంది. తొమ్మిది పౌన్ల .375 అయితే ఆ లోపు సుమారు మూడు మిల్లీమీటర్లు వెనక్కి వస్తుంది. చాలా చిన్న కదలికే, కానీ బుల్లెట్ ఎక్కడ పడాలో తేలేది అందులోనే. ఆ మూడు మిల్లీమీటర్లూ రైఫిల్ ప్రతిసారీ ఒకేలా, ఏదీ అడ్డం తగలకుండా కదిలితే దెబ్బలు ఒకచోట పడతాయి. ముందు చెక్క (బ్యారెల్ కింద ఎడమ చేత్తో పట్టుకునే చెక్క భాగం) కింద గట్టి కర్రో ఇనుమో ఉంటే రైఫిల్ దాన్ని తన్నుకుని పైకి ఎగురుతుంది, దెబ్బ ఎత్తులో పడుతుంది. ఇక ఆ మూడు మిల్లీమీటర్ల తర్వాత జరిగేదంతా మీ భుజానికి సంబంధించిందే, బుల్లెట్ అప్పటికే వెళ్లిపోయింది.

జంట బ్యారెళ్ల పెద్ద రైఫిళ్లు తయారుచేసే ఇంగ్లండు కంపెనీలు రెండు బ్యారెళ్లనూ ఒకే చోట కొట్టేలా సరిచేసేటప్పుడు నిలబడి కాల్చే స్టాండ్ మీదే కాల్చి చూసేవి, ఇదీ కారణం. ఆ రైఫిల్ మనిషి చేతుల్లో ఎలా కదులుతుందో అలా కదిలితేనే రెండు బ్యారెళ్లూ కలుస్తాయి. గట్టి బల్ల మీద పెట్టి కాలిస్తే కలవవు. మా దుకాణానికి ఒకాయన అలాంటి రైఫిల్ తెచ్చి, ఎడమ బ్యారెల్ వంకరపోయింది, సరిచేయించండి అన్నారు. ఎక్కడ ఆనించి కాల్చారండీ అని అడిగితే సిమెంటు గోడ మీద అన్నారు. రైఫిల్‌కి ఏమీ కాలేదు. నిలబడి, చేయి కింద ఇసుక సంచి పెట్టి కాల్పిస్తే రెండు దెబ్బలూ పక్కపక్కనే పడ్డాయి.

ఇప్పుడు ఎత్తు. చాలామంది ఇంటర్నెట్‌లో ఏదో కొలత చూసి వడ్రంగికి చెప్పేస్తారు. అలా చేయకండి. రైఫిల్ ఖాళీ అని మీరూ పక్కనున్న మనిషీ ఇద్దరూ చూసి నిర్ధారించుకోండి. చదును నేల మీద, రేంజిలో వేసుకునే బూట్లతోనే నిలబడండి. ఎడమ కాలు కాస్త ముందుకి, బరువు కొంచెం ముందుకాలి మీద, మోకాళ్లు వదులుగా ఉండాలి. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, మెడ వంచకుండా చెంప చెక్కకి ఆనించి కళ్లు తెరవండి. అప్పుడు ముందు చెక్కని పట్టుకున్న మీ ఎడమ చేతి వెనక భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో పక్కనున్న మనిషిని కొలవమనండి. ఇసుక సంచి పైభాగం ఆ ఎత్తులో ఉండాలి. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి ఇది మామూలుగా 53 నుంచి 56 అంగుళాల మధ్య వస్తుంది. స్కోపుతో (గురి చూసే దుర్బిణితో) కాలుస్తారో, మామూలు సైట్లతో కాలుస్తారో దాన్నిబట్టి అంగుళం దాకా తేడా ఉంటుంది, కాబట్టి మీరు వాడబోయే దానితోనే కొలవండి. కొలత రెండు మూడుసార్లు తీయించుకోండి.

స్టాండ్ పొట్టిగా ఉంటే మనిషి దాని మీదకు వంగుతాడు. వంగితే మళ్లీ కూర్చున్నట్టే, ఒళ్లు వెనక్కి వెళ్లదు. పైగా తల ముందుకు జారి కన్ను స్కోపుకి దగ్గరవుతుంది, కనుబొమ్మ చీలేది అప్పుడే. పొడుగ్గా ఉంటే భుజాలు పైకి లేచి బట్ (భుజానికి ఆనే వెనక చివర) జారి చేతి కండ మీదకు వస్తుంది. అందుకే మీ కొలతలోంచి సంచి మందం తీసేసి, బల్లను దానికంటే ఇంకో రెండు అంగుళాలు తక్కువ చేయించి, సంచి కింద అర అంగుళం మందం పలకలు పేర్చుకుని సరిపెట్టుకోండి. ఎత్తు మార్చుకునే ఇనుప స్క్రూలు, గొట్టంలో గొట్టం లాంటివి మన తీరప్రాంతం తేమకి తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. పలకలకి ఆ గొడవ లేదు. ఇంట్లో ఆడవాళ్లో పిల్లలో అదే రేంజిలో చిన్న తూటా .22 రైఫిల్ కాలుస్తామన్నా, పొట్టివాళ్లయితే వాళ్ల కాళ్ల కింద చెక్క వేదిక వేస్తే చాలు.

బల్ల ఆకారం విషయానికొస్తే, నేను మూడు కాళ్లదే మంచిదంటాను. నేల ఎలా ఉన్నా మూడు కాళ్లు ఊగవు. రెండు కాళ్లు ముందువైపు, పక్కలకీ ముందుకీ బాగా చాచి ఉండాలి. నేల దగ్గర వాటి మధ్య దూరం మూడు అడుగులు. మూడోది వెనక, నిటారుగా. మీరు కాల్చేముందు వాలేది ముందుకే కదా, ఆ బరువు చాచిన రెండు కాళ్ల మీద పడుతుంది. వెనక కాలు నిటారుగా ఉంటే మీ పాదాలకి అడ్డం రాదు. పై పలక రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు చాలు. అంతకంటే పెద్దది చేస్తే జనం దాని మీద తూటాల పెట్టెలు, సెల్‌ఫోన్లు పెట్టేస్తారు. కాళ్లు మూడంగుళాల చదరం. మోకాలి ఎత్తులో మూడు కాళ్లనీ కలుపుతూ కమ్మీలు, వాటి మీద ఒక పలక వేసి రెండు ఇసుక బస్తాలు పెట్టండి. బరువంతా కిందనే ఉంటే బల్ల కదలదు, పైభాగం తేలిగ్గా ఉన్నా ఫర్వాలేదు.

చెక్కకి పాత టేకే వెతకండి. కోనసీమలో మండువా లోగిళ్లు కూల్చి డాబాలు కడుతున్నారు కదా, ఆ దూలాలు, ద్వారబంధాలు కొనుక్కోవచ్చు. ఎన్నో వానాకాలాలు చూసిన చెక్క, ఇక వంకర తిరగదు. కొత్త టేకు అయితే బాగా ఆరిందా లేదా చూసుకోండి. సరుగుడు వాసాలు చవకగా దొరుకుతాయి గానీ ఆరేకొద్దీ చీలుతాయి, మెలితిరుగుతాయి. ఏటవాలు ఊతకర్రలకి పనికొస్తాయంతే. కొబ్బరిచెక్క పైపొర గట్టిది, లోపల మెత్తన, బోల్టు నిలవదు. తాటిదూలం బలంగానే ఉంటుంది, కానీ చిత్రిక పట్టడం కష్టం, పీచు గుచ్చుకుంటుంది. నల్లతుమ్మ గట్టిది, బరువైనది, టేకు దొరక్కపోతే అది వాడండి. పుచ్చు పట్టకుండా చూసుకోవాలి.

మేకులతో మాత్రం బిగించనివ్వకండి. ఆ అదురుకి మేకులు వదులైపోతాయి. కుసి పెట్టి, పది మిల్లీమీటర్ల బోల్టు అవతలిదాకా దూర్చి, వెడల్పు వాషర్ వేసి నట్టు బిగించాలి. కాళ్లు విప్పుకునేలా చేయిస్తే ఆటోలో కూడా రేంజికి తీసుకెళ్లొచ్చు. రేంజి నేల మట్టిదైతే కాళ్ల కింద జానెడు వెడల్పు చెక్క బిళ్లలు వేయండి. మన నల్లమట్టి తడిస్తే ఎంత బరువున్నా దిగబడిపోతుంది, రెండు రౌండ్లకే ఎత్తు మారిపోతుంది.

ఇసుక సంచి గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే రైఫిల్ తాకేది దాన్నే. మందపాటి కాన్వాసు గుడ్డతో, రెండు వరసల కుట్టు వేయించి కుట్టించండి. గోదావరి ఇసుకని బాగా కడిగి, ఎండబెట్టి, జల్లెడ పట్టి పోయండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఇసుక దగ్గరని తెచ్చుకోకండి. అందులో ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుంది, రైఫిల్ ఇనుముకి తుప్పు తెస్తుంది. మూడొంతులు ఇసుకకి ఒక వంతు వరి ఊక కలిపితే సంచి మరీ రాయిలా కాకుండా ఉంటుంది. పూర్తిగా కుక్కకుండా కొంచెం వదులుగా ఉంచితే మధ్యలో చేత్తో నొక్కినప్పుడు పల్లం నిలుస్తుంది. కొబ్బరి పీచు ఊరంతా దొరుకుతుంది గానీ ఇక్కడ వద్దు. అది స్ప్రింగులా పైకి తంతుంది. బల్ల అంచున మీ ఛాతీ ఆనేచోట మెత్తకి మాత్రం పీచు బాగుంటుంది. సంచి మీద నున్నటి తోలుముక్క కుట్టి, కాస్త టాల్కం పౌడర్ రాస్తే మీ చేయి సాఫీగా జారుతుంది.

చేతి సంగతికొస్తే, .22 కాల్చేవాళ్లు రైఫిల్‌ని నేరుగా సంచి మీద పెట్టి, ఎడమ చేయి బట్ కింద పెట్టుకుంటారు. .375 అలా కాల్చకండి. ముందు చెక్కని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకోవాలి, ఆ చేతి వెనక భాగం సంచి మీద ఆనాలి. సంచికి, చెక్కకి మధ్య మీ చేయే మెత్త. బ్యారెల్ దేనికీ తగలకూడదు. మీ రైఫిల్‌కి బెల్టు తగిలించే కొక్కెం ముందు చెక్కకే ఉంటే చేతికి, కొక్కేనికి మధ్య కనీసం మూడంగుళాలు ఉండేలా చూసుకోండి, లేకపోతే వెనక్కి వస్తూ వేళ్లు కోస్తుంది. పాత ఇంగ్లీషు .375లకి ఆ కొక్కెం బ్యారెల్ మీదే ఉంటుంది, పెద్ద రైఫిళ్లకి అలా పెట్టింది చేయి కోసుకోకుండా ఉండడానికే.

కుడిచేయి పిడిని గట్టిగానే పట్టాలి. వదులుగా పడితే ట్రిగ్గర్ గార్డు వెనక్కి వచ్చి మధ్యవేలిని కొడుతుంది. కుడి మోచేయిని బల్ల మీద అదిమి పెట్టకండి, తాకీ తాకనట్టు ఉంటే చాలు. మోచేయి బిగిస్తే భుజం బిగుస్తుంది, అప్పుడు నిలబడిన లాభమంతా పోయినట్టే. బట్ భుజం గుంటలో కూర్చోవాలి, మెడ ఎముక మీద కాదు. వదులుగా పెట్టి దూరం నుంచి తన్నించుకోవడం కంటే గట్టిగా లోపలికి లాక్కుంటేనే దెబ్బ తక్కువ. బట్‌కి రబ్బరు తొడుగు వేసుకోవచ్చు, మంచిదే. కానీ అంగుళం మందం పెరిగితే స్కోపుకీ కంటికీ మధ్య దూరం కూడా పెరుగుతుంది, మళ్లీ సరిచూసుకోండి. ఇలాంటి రైఫిల్ మీద కన్ను, స్కోపు మధ్య మూడున్నర అంగుళాలకి తగ్గకూడదు.

రైఫిల్‌ని బిగించేసే ఇనుప ఫ్రేములు, వాటి మీద పాతిక పౌన్ల సీసం బరువు పెట్టుకునే ఏర్పాటు మీరు వీడియోల్లో చూసే ఉంటారు. భుజానికి ఏమీ తెలియదు, నిజమే. లెక్క చూస్తే తొమ్మిది పౌన్ల రైఫిల్‌కి పాతిక పౌన్లు కలిస్తే తన్ను 10 అడుగు-పౌన్లకి పడిపోతుంది. మరి ఆ మిగతా భారం ఎక్కడికి పోయింది? రైఫిల్ ఇనుప భాగం వెనక్కి తోస్తుంది, బట్ వెనకేమో కదలని సీసం. మధ్యలో నలిగేది చెక్క. మీది తాతగారి కాలం చెక్క అంటున్నారు, ఎన్నో ఏళ్లు నూనె ఇంకి మెత్తబడి ఉండొచ్చు. ఇలాంటి ఫ్రేములో బిగించి కాల్చిన ఒక రైఫిల్ మా దుకాణానికి వచ్చింది, పిడి దగ్గర సన్నటి భాగం మీద ఆ చివరి నుంచి ఈ చివరికి పగులు. తాతలు జాగ్రత్తగా దాచిన అక్రోటు చెక్క అది, అలాంటిది మళ్లీ తేవడం అయ్యే పని కాదు. నాకు ఇప్పటికీ బాధేస్తుంది. అందుకని మీ రైఫిల్ కాల్చేముందు దాన్ని ఒకసారి లైసెన్సున్న గన్‌స్మిత్‌కి చూపించండి. చెక్కలో అడ్డంగా బిగించిన బోల్టులు బిగుతుగా ఉన్నాయా, ఇనుము ఆనేచోట వెంట్రుకంత పగులైనా ఉందా అని చూడమనండి.

కొబ్బరితోట ఎందుకు వద్దంటున్నానంటే, మన డెల్టాలో కొండ లేదు, గుట్ట లేదు. చదును నేల, కాలవలు, చేపల చెరువులు, గట్ల మీద మనుషులు. బుల్లెట్‌ని ఆపేది ఏదీ ఉండదు. తప్పిపోయిన .375 బుల్లెట్ కిలోమీటర్ల దూరం పోతుంది. నీటి మీద ఏటవాలుగా పడితే మునగదు, ఎగిరి ఏ దిక్కుకి పోతుందో చెప్పలేం. కొబ్బరిచెట్టు దాన్ని ఆపలేదు. చట్టం సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక వేట మాట అంటారా, వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నిషిద్ధం.

రేంజిలో కూడా ముందు అధికారితో మాట్లాడండి. కూర్చుని కాల్చేటప్పుడు కంటే నిలబడితే బ్యారెల్ అడుగు పైన ఎత్తులో ఉంటుంది. టార్గెట్ ఎత్తు, దాని వెనక మట్టికట్ట ఎత్తు రెండూ దానికి సరిపోవాలి. మీ బుల్లెట్ టార్గెట్ దాటాక కట్ట మధ్యలో దిగాలి, అంచు మీద కాదు. కొన్ని రేంజిల్లో ఇంత పెద్ద తూటాలకి అనుమతే ఉండదు, స్టాండ్ చేయించకముందే అడిగి తెలుసుకోండి.

కాల్చడం మొదలుపెట్టేటప్పుడు టార్గెట్ 50 గజాల దగ్గర పెట్టండి. చెవుల్లో బిరడాలు, వాటి మీద మఫ్లు రెండూ వేసుకోండి, కళ్లద్దాలు తప్పనిసరి. శబ్దం తగ్గితేనే సగం బెదురు పోతుంది, చాలామందికి భుజం కంటే చెవే ఎక్కువ భయపడుతుంది. ఒక పూటకి ఐదారు రౌండ్లు మించొద్దు. మధ్యలో .22 తీసుకుని కాల్చండి, చేయి, కన్ను కుదురుకుంటాయి. రేంజి అధికారిని అడిగి, మీకు తెలియకుండా రౌండ్ల మధ్యలో ఒక డమ్మీ తూటా పెట్టించుకోండి. ట్రిగ్గర్ నొక్కగానే పేలకుండా క్లిక్ అన్నప్పుడు బ్యారెల్ కిందికి దిగిందంటే, మీ దెబ్బలు చెదరడానికి కారణం బెదురే, రైఫిల్ కాదు. అది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. 100 గజాల్లో మూడంగుళాల్లోపు మూడు దెబ్బలు పడ్డాయంటే ఈ స్టాండ్ మీద మీరు బాగా కాల్చినట్టే. కూర్చుని కాల్చే బల్లంత బిగువు ఇది ఇవ్వదు, ఇవ్వాల్సిన పనీ లేదు.

వడ్రంగి పని మొదలుపెట్టేముందు మీ ఎత్తు, చేతి కొలత, ముందు చెక్క లోతు ఇక్కడ రాయండి. కాళ్ల పొడవు, ఏటవాలు లెక్కేసి చెబుతాను. వానాకాలం అయ్యాక ఒకసారి, ఎండాకాలం మధ్యలో ఒకసారి నట్లు బిగించుకోవడం మర్చిపోకండి. చెక్క ఉబ్బి తగ్గినప్పుడల్లా అవి వదులవుతాయి.